మేపుల్ నీడలో తెల్ల అంచు ఆకులు

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారి పెరట్లో ఎండ పడే నేల ఎవరికి దక్కుతుందో మొదటి వేసవిలోనే తేలిపోతుంది. టమాటా, బెండ, గోంగూర, బీరపందిరి, ఒక మూల కరివేపాకు కుండీ, దాని పక్కన మల్లె కుండీ ఆ నేలను పంచుకుంటాయి. ఇంటికి ఉత్తరాన, పాత మేపుల్ చెట్ల కింద ఉన్న నేల మాత్రం ఏళ్ళ తరబడి ఎవరికీ అక్కరలేకుండా పడి ఉంటుంది. అక్కడ గడ్డి పలచబడి నాచు పట్టుతుంది, చెట్ల వేళ్ళు పైకి తేలి కనిపిస్తుంటాయి. ఆ చోటును చూపించి "ఇక్కడ ఏదీ రాదండీ" అనేవారే ఎక్కువ. ఆ మాటతో నేను ఏకీభవించను. అక్కడ రానిది పూలతోట, కూరగాయల మడి. ఆకుల తోట మాత్రం చక్కగా వస్తుంది. అందుకు నా దొడ్డిలో నిలబడిన సాక్ష్యం, ఇక్కడి నర్సరీల వారు వేరిగేటెడ్ సాలమన్స్ సీల్ అని పిలిచే మొక్క. వృక్షశాస్త్రంలో దీని పేరు పాలీగొనాటమ్ ఒడొరాటమ్ వేరిగేటమ్.

ఈ మొక్క ఏటా చలికాలంలో నేల మట్టానికి పూర్తిగా చచ్చిపోయినట్లు కనిపించి, వసంతంలో మళ్ళీ లేస్తుంది. దీని ప్రాణమంతా నేల కింద అడ్డంగా పాకే కొమ్ములో ఉంటుంది. కిందటి శరత్తులో ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అమ్మ, నేను ఒక గుబురును తవ్వి తీస్తుండగా చూసి "ఏమ్మా, ఇది పసుపు జాతేనా?" అని అడిగింది. ఆమె పోలిక నూటికి నూరుపాళ్ళు సరైనదే. కణుపులు కణుపులుగా, లేతరంగులో, పచ్చి పసుపు కొమ్ము ఎలా పాకుతుందో ఇదీ అలాగే పాకుతుంది. కుటుంబం మాత్రం వేరు. ఇది శతావరి, నేలసంపెంగ చేరిన ఆస్పరాగేసీ కుటుంబానికి చెందినది.

ఏప్రిల్ నెలలో, మేపుల్ ఇంకా ఆకు వేయక ముందే, నేలను చీల్చుకొని ఊదా కలిసిన గులాబీ రంగు మొనలు పైకి వస్తాయి. ఒక్కొక్క మొన చుట్టూ పలచని పొర ఉంటుంది, దాని లోపల ఆకులన్నీ బిగువుగా చుట్టుకొని ఉంటాయి. కొద్ది రోజుల్లో ఆ మొన నిటారుగా ఎదిగి, ఆ తర్వాత మెల్లగా ఒక పక్కకు వంగుతూ కమాను కడుతుంది. మోకాలెత్తు దాటీ దాటనట్లు, అంటే 45 నుంచి 60 సెంటీమీటర్ల వరకు ఎదిగే ఆ ఎర్రజీర కాడకు, ఇటొకటి అటొకటిగా కోలగా ఉన్న ఆకులు వస్తాయి. ప్రతి ఆకు అంచునా, ముఖ్యంగా కొన దగ్గర, కుంచెతో తీర్చినట్లు తెలుపు ఉంటుంది. మే నెలలో ఆకుల మొదళ్ళ నుంచి ఒక్కొక్కటిగానో జంటలుగానో సన్నని పూలు కిందికి వేలాడతాయి. అవి తెల్లని గొట్టాల్లా ఉండి కొసన ఆకుపచ్చగా ముగుస్తాయి. వాటికి వాసన ఉన్నది, కానీ మల్లె వాసనలాగా అది మనల్ని వెతుక్కుంటూ రాదు. సాయంత్రం పూట వంగి చూసినవారికే తెలుస్తుంది. నాలుక పొడవున్న బంబుల్ తుమ్మెదలు మాత్రం పగలంతా వాటి కింద తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తాయి. ఆ తర్వాత అక్కడక్కడ నల్లనీలపు కాయలు వస్తాయి. అవి తినదగినవి కావు. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

దీని విశేషమంతా ఆ తెల్ల అంచులో ఉన్నది కనుక, అది ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడం సాగుకు చాలా ఉపయోగపడుతుంది. మొక్క ఎదిగే మొగ్గలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఈ రకంలో ఒక పొర కణాలు పత్రహరితాన్ని తయారుచేసుకోగలవు, మరొక పొర కణాలు ఆ శక్తిని పోగొట్టుకున్నాయి. ఆకు విప్పారినప్పుడు మొదటి పొర నుంచి పుట్టిన భాగం ఆకుపచ్చగాను, రెండవ దాని నుంచి పుట్టిన అంచు తెల్లగాను కనిపిస్తాయి. రెండు రకాల కణజాలం ఒకే దేహంలో కలిసి బతికే ఇలాంటి మొక్కలను కైమెరాలు అంటారు. ఇందులోంచి మూడు సంగతులు తేలుతాయి. మొదటిది, విత్తనం ఒక్క కణం నుంచి మొదలయ్యేది కనుక పొరల అమరికను తనతో తీసుకుపోలేదు. అందుచేత తెల్ల అంచు కావాలంటే మొగ్గతో సహా కొమ్మును విరిచి నాటడమే దారి. పైగా దీని విత్తనం మొలవడానికి సాధారణంగా రెండు చలికాలాలు గడవాలి, మొదటి దాని తర్వాత వేరు, రెండవ దాని తర్వాత మొలక వస్తాయి. ఇక రెండవది, తెల్ల భాగం ఆహారాన్ని వండదు, పచ్చ భాగం వండినదాన్ని తింటుంది. కనుక పూర్తి పచ్చని మొక్క కంటె ఇది నెమ్మదిగా ఎదుగుతుంది. మూడవది, ఎప్పుడైనా ఒక గుబురులో తెలుపు లేని నిండు పచ్చని కాడ లేస్తే దాన్ని ఉపేక్షించకూడదు. దానికి బలం ఎక్కువ కనుక కొన్నేళ్ళలో తెల్ల అంచు కాడలను నెట్టి అదే నిండిపోతుంది. ఆ కాడను పైపైన కోస్తే చాలదు. దాని వెంట నేలలోకి దిగి, అది పుట్టిన కొమ్ము ముక్క దాకా తీసివేయాలి.

తెల్ల అంచు ఉన్న మొక్క అనగానే అది ఎంతటి చీకటిలోనైనా వర్ధిల్లుతుందనే అభిప్రాయం చాలామందిలో ఉన్నది. చీకట్లో తెలుపు బాగా కనిపిస్తుందన్నది మన కంటికి సంబంధించిన మాట, మొక్క ఆకలికి సంబంధించిన మాట కాదు. దట్టమైన నీడలో ఇది చావదు, కానీ కాడల సంఖ్య పెరగదు, పూత తగ్గిపోతుంది. మరోవైపు మధ్యాహ్నపు ఎండ సూటిగా తగిలితే, తనను తాను కాపాడుకోలేని ఆ తెల్ల అంచే మొదట గోధుమరంగుకు మాడిపోతుంది. ఉదయం కాసేపు ఏటవాలుగా పడే ఎండ, ఆ తర్వాత రోజంతా ఆకుల సందుల్లోంచి జారే చుక్కల వెలుగు ఉన్న చోటు దీనికి ఉత్తమం. మా పెరట్లో తూర్పు కంచెకు, మేపుల్ మొదలుకు నడుమ ఉన్న నేల సరిగ్గా అలాంటిది. అక్కడ నాటినవి చిక్కగా వచ్చాయి. చెట్టు మొదలుకు మరీ ఆనించి పెట్టిన కొమ్ములు ఇప్పటికీ పలచగానే ఉన్నాయి.

మేపుల్ కింద నాటడంలో అసలు కష్టం నీడతో కాదు, వేళ్ళతో. ముఖ్యంగా ఇక్కడి వీధుల్లో విరివిగా కనిపించే నార్వే మేపుల్ వేళ్ళు నేల పైపొరలోనే దట్టంగా అల్లుకొని, పడిన వాన చుక్కనల్లా తాగేస్తాయి. ఆ వేళ్ళ మీద కొత్త మట్టిని మందంగా పోసి మడి కట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది గానీ, అది చెట్టుకు హాని. వేళ్ళకు గాలి అందక చెట్టు కొన్నేళ్ళకు నీరసిస్తుంది, ఈలోగా కొత్త మట్టి నిండా మళ్ళీ అవే వేళ్ళు పాకుతాయి. సరైన పద్ధతి చిన్న తాపీతో వేళ్ళ సందులు వెతుక్కొని, అరచేయి పట్టేంత గుంటలు చేసి, ఒక్కొక్క గుంటలో మొగ్గ ఉన్న చిన్న కొమ్ము ముక్కను పెట్టడం. మొగ్గ పైకి ఉండాలి, కొమ్ము అడ్డంగా పడుకోవాలి, పైన మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి మట్టి ఉండనవసరం లేదు. ముక్కకు ముక్కకు ఒక అడుగు దూరం చాలు. పెద్ద కుండీ మొక్కను తెచ్చి, దానికి సరిపడా పెద్ద గుంట తవ్వి, చెట్టు వేళ్ళను నరకడం కంటె ఇది చెట్టుకూ మేలు, మొక్కకూ మేలు, ఖర్చూ తక్కువ.

నాటిన తొలి రెండు వేసవులు నీరు తప్పనిసరి. వాన లేని వారంలో ఒకసారి నిండుగా, అంటే అంగుళం వాన పడినంతగా తడపాలి. రోజూ పైపైన చిలకరించే నీరు మేపుల్ వేళ్ళకే పోతుంది. ఒకసారి కొమ్ము నాటుకున్నాక ఇది పొడి నీడను ఓర్చుకునే కొద్దిపాటి మొక్కల్లో ఒకటి. కొంచెం ఆమ్లగుణం ఉన్న, ఆకుకుళ్ళు నిండిన నేల దీనికి ఇష్టం. మా ప్రాంతపు ఎర్ర బంకమట్టి స్వతహాగా అలాంటిది కాదు. కానీ శరత్తులో రాలిన ఆకులను బస్తాల్లో నింపి వీధి చివర పెట్టడం మాని, గడ్డి కోసే యంత్రంతో నలగ్గొట్టి ఈ మొక్కల మీదే పరిస్తే, కొన్నేళ్ళకు ఆ మట్టి పైపొర నల్లబడి చేతికి గుల్లగా తగులుతుంది. విడిగా రసాయన ఎరువు వేయవలసిన అవసరం నాకు కనిపించలేదు. వసంతంలో మొనలు రాకముందే పలచగా కంపోస్ట్ చల్లితే సరిపోతుంది.

ఓపిక గురించి రెండు మాటలు చెప్పాలి. మొదటి ఏడు ఒకటి రెండు కాడలు మాత్రమే లేస్తాయి, రెండవ ఏడు కూడా అంతకంటె గొప్పగా ఉండదు. ఈ దశలో విసిగి, చోటు నచ్చలేదేమోనని తవ్వి మరోచోట నాటేవారు మొక్కను మళ్ళీ మొదటికి తెస్తున్నారు. నేల కింద కొమ్ము ఏటా కొంత ముందుకు జరిగి, పక్కకు చీలుతూ ఉంటుంది. ఆ పని పైకి కనిపించదు. శరత్తులో కాడ విడిపోయిన చోట కొమ్ము మీద గుండ్రని మచ్చ మిగులుతుంది. సొలొమోను రాజు ముద్రతో దీనికి పేరు ముడిపడింది ఆ మచ్చల వల్లనే అని ఒక వాడుక. మామూలుగా ఏడాదికొక మచ్చ పడుతుంది కనుక, తవ్విన కొమ్మును కడిగి చూస్తే దాని వయసును దానిమీదే చదువుకోవచ్చు. అలా చదివిన తర్వాత ఈ మొక్కను తొందరపెట్టాలనిపించదు.

అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 2013లో దీన్ని ఆ ఏటి మేటి మొక్కగా ఎంపిక చేసింది. అంతకు ముందటి ఏడు, 2012లో, ఎంపికైన జాక్ ఫ్రాస్ట్ అనే బ్రునెరా కూడా వెండి ఆకులతో నీడలో పెరిగేదే. పువ్వును బట్టి కాక ఆకును బట్టి మొక్కను ఎంచుకోవడం ఇక్కడి తోటమాలులకు ఎంత సహజమైందో ఆ రెండు ఎంపికలు తెలుపుతాయి. మనకు తోట అంటే పూలే. దేవుడి గదికి, జడకు, గుమ్మానికి పువ్వు కావాలి. పూజకు పనికిరాని, కూరకు రాని మొక్కకు నేల కేటాయించడం మన ఇళ్ళలో అంత తేలిగ్గా జరగదు. ఆ దృష్టిని నేను తప్పుపట్టను, నా ఎండ నేల అంతా దానికే ఇచ్చాను. కానీ పువ్వు వారం పది రోజులు ఉంటే, ఈ తెల్ల అంచు ఆకు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉంటుంది. అక్టోబరులో బంగారు పసుపుకు తిరిగి మరీ వెళుతుంది. ఒక కాడను కోసి నీళ్ళ సీసాలో పెడితే ఆకు వాడకుండా చాలా రోజులు నిలుస్తుంది కూడా.

ఈ మొక్క ఐరోపా నుంచి సైబీరియా మీదుగా చైనా, కొరియా, జపాన్ దాకా అడవుల్లో సహజంగా పెరుగుతుంది. చైనా వైద్యంలో దీని ఎండు కొమ్మును యూజూ అంటారు. కొరియన్లు దాన్ని వేయించి డుంగుల్లే అనే కషాయం కాచుకుంటారు. ఇక్కడి కొరియన్ దుకాణాల్లో ఆ పొట్లాలు దొరుకుతాయి. మనకూ దీని బంధువులతో పాత పరిచయమే ఉన్నది. చ్యవనప్రాశలో వేయవలసిన అష్టవర్గమనే ఎనిమిది మూలికల్లో మేద, మహామేద అనేవి హిమాలయాల్లో పెరిగే పాలీగొనాటమ్ జాతులేనని నేటి వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించారు. అవి రాజులకు కూడా దొరకనంత అరుదని చెప్పి, 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశ మేద, మహామేదలకు బదులు శతావరిని వాడమన్నది. ఈనాటి వర్గీకరణలో శతావరి, పాలీగొనాటమ్ రెండూ ఒకే కుటుంబంలో ఉండడం నాకు గొప్ప సంతోషాన్ని కలిగించిన విషయం. అయినా పెరట్లో పెంచిన దానిని మందుగా వాడే ఆలోచన ఎవరూ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. వసంతంలో లేత మొనల దశలో దీనిలాగే కనిపించే లిల్లీ ఆఫ్ ది వ్యాలీ గుండెకు ప్రమాదకరమైన విషపు మొక్క. అది ఇక్కడి నీడ నేలల్లో విరివిగా పాకుతుంది.

కొనేటప్పుడు మరొక మొక్కతో పొరపడే అవకాశం ఉన్నది. డిస్పోరమ్ సెసైల్ రకానికి చెందిన తెల్ల చారల మొక్కను కొందరు ఇదేననుకొని తెచ్చుకుంటారు. దాని పూలు కాడ కొసన వేలాడతాయి, మన మొక్క పూలు కాడ పొడవునా ఆకుల మొదళ్ళలో ఉంటాయి. పూత లేని కాలంలో కొంటే, కుండీలో ఆకులు ఎన్ని ఉన్నాయన్నది చూడడం కంటె కొమ్ముకు ఎన్ని మొగ్గలున్నాయో అడగడం మంచిది. వసంతంలో వేర్లతో మాత్రమే అమ్మే కొమ్ములు చవకగా వస్తాయి, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఎక్కడ నాటాలన్న ప్రశ్నకు మరొక కోణం ఉన్నది. ఈ కాడలన్నీ వెలుగు వచ్చే దిక్కుకే వంగుతాయి. వెలుగు బాట వైపు నుంచి వస్తే గుబురంతా మనకు నమస్కరిస్తున్నట్లు ఇటు తిరుగుతుంది. కంచె వైపు నుంచి వస్తే మనకు వీపు మాత్రమే కనిపిస్తుంది. నాటే ముందు ఒక రోజు ఆ చోట నిలబడి వెలుగు రాకపోకలను గమనించడం వృథా కాదు. కొంచెం ఏటవాలు నేల ఉంటే ఇంకా మంచిది, కింద నుంచి చూసినప్పుడు ఆకు వెనుక దాగిన పూలు కూడా కనిపిస్తాయి. దీని పక్కన మరో తెల్ల అంచు మొక్కను పెట్టడాన్ని నేను సమర్థించను. వెడల్పాటి ఆకుల నీడ మొక్క హోస్టాలో తెల్ల అంచు రకం, వెండి మచ్చల బ్రునెరా, ఇది, మూడూ ఒకేచోట చేరితే కంటికి విశ్రాంతి దొరకదు, ఏ ఒక్కదాని గీతా స్పష్టంగా తెలియదు. నిండు పచ్చని ఫెర్న్ దీనికి తగిన తోడు. ఈ ప్రాంతపు అడవుల్లో పుట్టి, చలికాలంలోనూ పచ్చగా నిలిచే క్రిస్మస్ ఫెర్న్ అయితే, మన మొక్క నేలలోకి వెళ్ళిపోయిన నెలల్లో కూడా చోటు బోసిపోకుండా చూస్తుంది.

హోస్టా మాట వచ్చింది కనుక, జింకల సంగతి చెప్పాలి. ఈ రాష్ట్రంలో నీడ తోట పెంచేవారికి జింకల కంటె పెద్ద సమస్య లేదు. హోస్టాను అవి తెల్లవారేసరికి కాడలు మిగిల్చి తినేస్తాయి. సాలమన్స్ సీల్ జోలికి అంతగా రావు. లేత దశలో కొసలు కొరికిన సందర్భాలు ఉన్నాయి గానీ, మడి మొత్తం ఖాళీ చేసినది లేదు. బ్రిటన్‌లో, ఐరోపాలో ఒక సాఫ్లై పురుగు వేసవి మొదట్లో ఆకుల ఈనెలు మాత్రమే మిగిలేలా దీన్ని తింటుంది; ఇక్కడ నాకు ఆ బెడద ఎదురుకాలేదు.

విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువులు ఫొటోలు చూసి ఒక కొమ్ము తెమ్మని అడుగుతుంటారు. మైనస్ నలభై డిగ్రీల చలిని కూడా తట్టుకోగల ఈ మొక్కకు, నిద్రపోవడానికి అసలైన చలికాలం కావాలి; అది లేని చోట ఒకటి రెండేళ్ళలో క్షీణిస్తుంది. మొక్కలను అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించడం చట్టవిరుద్ధం కూడా. అక్కడి ఇళ్ళ నీడ మూలలకు, మన నర్సరీల్లో విరివిగా దొరికే తెల్ల చారల స్పైడర్ ప్లాంట్ ఉన్నది. అదీ ఆస్పరాగేసీ కుటుంబమే. కాస్త పెద్ద చోటుంటే పసుపు చారల ఆల్పీనియా, వానాకాలపు కలేడియం ఆ వాతావరణానికి సహజంగా ఒదుగుతాయి.

ఇక్కడి మిత్రులకు మాత్రం నేను సంతోషంగా కొమ్ములు ఇస్తాను. విడదీయడానికి సరైన కాలం ఆకులు పసుపు తిరిగిన తర్వాత, నేల గడ్డకట్టక ముందు. గుబురు నడిమి నుంచి కాక అంచు నుంచి తవ్వి, ఒక్కొక్క ముక్కకు కనీసం ఒక బలమైన మొగ్గ, దాని వెంట వేలెడు పొడవు కొమ్ము ఉండేలా కోయాలి. మరొక జాగ్రత్త ఇటీవల అవసరమైంది. ఆసియా నుంచి వచ్చిన గెంతే వానపాములు ఈ ప్రాంతంలో వ్యాపించి, నేల మీది ఆకుకుళ్ళును వేగంగా తినివేసి పైపొరను గుళికలుగా మార్చేస్తున్నాయి. వాటి గుడ్ల సంచులు మట్టిలో కంటికి ఆనవు. అందుచేత మట్టితో సహా మొక్కను ఇవ్వకుండా, కొమ్మును నీటి ధార కింద శుభ్రంగా కడిగి, తడి కాగితంలో చుట్టి ఇస్తున్నాను. పుచ్చుకున్నవారు రెండు మూడు రోజుల్లో నాటి, పైన నలిగిన ఆకులు పరచి, నేల గడ్డకట్టే దాకా తడి ఆరకుండా చూసుకుంటే చాలు. ఏప్రిల్‌లో మొన రాకపోతే నన్ను అడగండి, మరో ముక్క ఇస్తాను.